మంచి ఇంటికి వచ్చాక ఎందుకీ మొండితనం? ఫోస్టర్ కేర్‌లో పెరిగే హింసాబాధిత పిల్లల ప్రవర్తన

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఫోస్టర్ కేర్ (బిడ్డను కొంతకాలం వేరే కుటుంబంలో పెంచే ఏర్పాటు) నమూనా మార్గదర్శకాలను 2024లో సవరించింది. అంతకుముందు దంపతులకే పరిమితమైన అవకాశం ఇప్పుడు 35 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న ఒంటరి వ్యక్తులకు, అంటే పెళ్లికానివారికి, భర్తనో భార్యనో కోల్పోయినవారికి, విడాకులు తీసుకున్నవారికి కూడా దక్కుతుంది. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా పెంచవచ్చు గానీ, ఒంటరి పురుషుడికి మగపిల్లవాడిని మాత్రమే అప్పగిస్తారు. చట్టప్రకారం దత్తతకు అర్హత పొందిన బిడ్డను పెంచుతున్న కుటుంబమే దత్తత తీసుకోవడానికి మునుపు ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది, ఆ గడువు రెండేళ్లకు తగ్గింది.

ఈ మార్పుల వల్ల ఇన్నాళ్లూ దత్తత గురించి మాత్రమే ఆలోచించినవారు ఫోస్టర్ కేర్ గురించి కూడా ఆరా తీస్తున్నారు. అలా ఆరా తీసేవారిని ఎక్కువగా తికమకపెట్టే ప్రశ్న నిబంధనలకు సంబంధించినది కాదు. తన్నులు తిని, పస్తులుండి వచ్చిన బిడ్డకు కడుపునిండా తిండి, శుభ్రమైన పక్క, ఆప్యాయంగా మాట్లాడే మనుషులు దొరికాక కూడా దొంగతనాలు, అబద్ధాలు, అర్ధరాత్రి కేకలు, పక్క తడపడం, చేతికందింది విసిరికొట్టడం ఎందుకు ఆగవు? కొన్నాళ్లకు అవి ఎందుకు పెరుగుతాయి?

దత్తతకూ ఫోస్టర్ కేర్‌కూ ఉన్న తేడా

దత్తతలో బిడ్డకూ కన్నవారికీ మధ్య చట్టబంధం తెగిపోతుంది, కొత్త తల్లిదండ్రులే శాశ్వత తల్లిదండ్రులవుతారు. ఫోస్టర్ కేర్‌లో అలా జరగదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, జిల్లా బాలల సంక్షేమ సమితి ఒక బిడ్డను సొంత కుటుంబం కాని వేరే కుటుంబంలో కొంతకాలం పెరగమని పంపుతుంది. ఆ కుటుంబాన్ని ఆమోదించేదీ, పర్యవేక్షించేదీ సమితే. బిడ్డ ఖర్చుకు రాష్ట్ర ప్రభుత్వం జిల్లా బాలల సంరక్షణ విభాగం ద్వారా నెలనెలా సాయం అందిస్తుంది, కేంద్ర బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద ఇది నెలకు 4,000 రూపాయలు. తోబుట్టువులను వీలైనంతవరకు ఒకే ఇంట్లో ఉంచాలని, ప్రతి నెలా తనిఖీ జరగాలని చట్టంలోని 44వ సెక్షన్ చెబుతోంది. కన్నవారు పెంచడానికి తగనివారని సమితి తేల్చినా, బిడ్డకు కీడు లేదనుకుంటే వారు వచ్చి చూడవచ్చు, వారు మారారని సమితి నమ్మితే బిడ్డ తిరిగి వారి దగ్గరకే వెళ్లవచ్చు.

ప్రవర్తన గురించి మాట్లాడేటప్పుడు ఈ చివరి సంగతి గుర్తుండాలి. ఈ ఇల్లు తనకు ఎన్నాళ్లుంటుందో ఆ బిడ్డకు తెలియదు. పెంచేవారికీ తెలియదు.

మన ఊళ్లలో అమ్మమ్మ ఇంట్లోనో మేనమామ ఇంట్లోనో పెరిగే పిల్లలు సాధారణంగా ఈ ఏర్పాటు కిందికి రారు. అయినా దెబ్బలు తిన్న ఇంటి నుంచి బంధువుల పంచకు చేరిన పిల్లల్లో ఇవే లక్షణాలు కనిపిస్తాయి కనుక, ఈ వ్యాసంలో చాలా భాగం ఆ ఇళ్లకూ వర్తిస్తుంది.

హింస అన్న మాట కిందికి ఏవేవి వస్తాయి

శారీరక హింస, లైంగిక హింస, మానసిక హింస, నిర్లక్ష్యం అని హింసను నాలుగు రకాలుగా చెబుతారు. కేంద్ర ప్రభుత్వం 2007లో వెలువరించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల్లోని 12,447 మంది పిల్లలతో మాట్లాడినప్పుడు, ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురైనట్టు తేలింది. ఏదో ఒక రూపంలో లైంగిక హింసను ఎదుర్కొన్నామని 53 శాతం మంది చెప్పారు. లైంగిక హింస ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

నాలుగింటిలో నిర్లక్ష్యాన్ని పోల్చుకోవడం కష్టం, ఎందుకంటే దానికి మచ్చలుండవు. ఏడ్చినా ఎవరూ రాకపోవడం, ఆకలేసినా ఎవరికీ పట్టకపోవడం, జ్వరమొస్తే ఒంటరిగా పడి ఉండటం పైకి చెప్పుకోదగ్గ సంఘటనల్లా కనిపించవు. పసితనంలో ఎదుగుదలకు అవి చేసే చెరుపు మాత్రం దెబ్బలు చేసే చెరుపుకు తీసిపోదు. పైగా రెండింటి గుర్తులూ ఒకలా ఉండవు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త సేథ్ పోలాక్ బృందం పిల్లలకు మసకబారిన ముఖచిత్రాలను మెల్లమెల్లగా స్పష్టం చేస్తూ చూపించి, ఆ ముఖంలో ఏ భావం ఉందో చెప్పమని అడిగింది. దెబ్బలు తిని పెరిగిన పిల్లలు బొమ్మ ఇంకా మసగ్గా ఉండగానే కోపాన్ని పట్టేశారు. ఆ బృందం చేసిన మరో పరిశీలనలో, నిర్లక్ష్యానికి గురైన పిల్లలు ఒక భావానికీ మరో భావానికీ తేడా గుర్తించడంలోనే తడబడ్డారు. అందుకే ‘హింసకు గురైన బిడ్డ’ అన్న ఒక్క మాటతో ప్రవర్తనను ఊహించలేం. ఏ హింస, ఏ వయసులో, ఎన్నాళ్లు, ఎవరి చేతిలో అన్నవి తెలియాలి.

పాత ఇంట్లో బతికించిన తెలివి

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఎనిమిదేళ్ల పిల్ల, పేరు పద్మ అనుకుందాం. తండ్రి తాగి వచ్చిన రాత్రుల్లో పొయ్యి వెలగని ఇంటి నుంచి వచ్చింది. కొత్త ఇంట్లో మూడు పూటలా తిండి ఉంది, అడిగితే కాదనేవారు లేరు. అయినా రెండు వారాల తర్వాత దుప్పట్లు ఉతకడానికి తీస్తే దిండు గలీబులో ఎండిపోయిన చపాతీ ముక్కలు, చీమలు పట్టిన బెల్లం, విప్పని బిస్కెట్ పొట్లం కనిపించాయి. నిలదీస్తే ‘నేను కాదు’ అంది. సాక్ష్యం కళ్లెదుటే ఉన్నా ఆ మాటే పట్టుకుంది.

పెంచే తల్లికి ఇందులో రెండు నేరాలు కనిపిస్తాయి, ఒకటి దొంగతనం, రెండోది అబద్ధం. పద్మ వైపు నుంచి చూస్తే రెండూ పాత ఇంట్లో తప్పకుండా ఫలితమిచ్చిన పనులు. దాచుకున్న ముక్క పస్తులున్న రాత్రి ఆమెకూ తమ్ముడికీ కడుపు నింపింది. ఒప్పుకుంటే ఖాయంగా పడే దెబ్బ, కాదంటే ఒక్కోసారి తప్పిపోయింది. చుట్టూ పరిస్థితి మారిందని పెద్దలకు తెలిసినంత త్వరగా పిల్ల ఒంటికి తెలియదు, ఎందుకంటే ఈ పాఠం మాటల్లో నేర్చుకున్నది కాదు.

ఒంటికి తెలియడం అన్నది ఇక్కడ అలంకారం కాదు. ఒత్తిడి సమయంలో విడుదలయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ మామూలుగా ఉదయం లేచినప్పుడు ఎక్కువగా ఉండి, రాత్రికి తగ్గుతుంది. నిర్లక్ష్యానికి గురై ఫోస్టర్ కేర్‌లోకి వచ్చిన పసిపిల్లల్లో ఉదయపు స్థాయి తక్కువగా ఉండి, రోజంతా గీత చదునుగా సాగడాన్ని అమెరికాలో పలు అధ్యయనాలు గమనించాయి. ఎప్పుడూ పొంచి చూడటానికి అలవాటుపడిన శరీరం తలుపు గడియ పడిన చప్పుడుకో, మగవాళ్ల గొంతు పెరిగినందుకో ఆలోచన కంటే ముందే స్పందిస్తుంది. తరగతిలో టీచరు నల్లబల్ల తుడవడానికి డస్టర్ ఎత్తగానే చేతులు తలకు అడ్డం పెట్టుకునే పిల్లవాడు టీచరును అనుమానించడం లేదు, అతని చేతులు అతని కంటే ముందు లేచాయి.

బిడ్డను భయపెట్టే మనిషే బిడ్డకు దిక్కు కూడా అయినప్పుడు చిక్కు ఇంకా ముదురుతుంది. భయమేస్తే తల్లి దగ్గరికి పరిగెత్తడం పసివాళ్ల సహజ లక్షణం, కానీ భయం వచ్చేదే తల్లి నుంచయితే ఎటు పరిగెత్తాలి? దగ్గరికి వస్తూ మధ్యలో ఆగిపోవడం, ముఖం తిప్పుకుని వెనక్కి నడుస్తూ చేరడం, ఒళ్లో కూర్చుని కొరకడం లాంటి పొంతనలేని చేష్టలను మనస్తత్వవేత్తలు మేరీ మెయిన్, జుడిత్ సాలమన్ 1980ల్లో వర్గీకరించి, దాన్ని అస్తవ్యస్త అనుబంధం అన్నారు. పోషక (ఫోస్టర్) కుటుంబంలో ‘ముద్దు చేస్తే గిల్లుతాడు, వదిలేస్తే ఏడుస్తాడు’ అని వినిపించే ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే.

మెచ్చుకోళ్లు అందుకునే రెండు లక్షణాలు

గొడవ చేసే పిల్లల గురించి అందరూ మాట్లాడతారు. మన ఇళ్లలో ప్రశంసలు అందుకునే కష్టాలు మరో రెండున్నాయి. మొదటిది, కొత్తవారి ఒళ్లో ఇట్టే ఎక్కి కూర్చునే పిల్లవాడు. చుట్టాలు ‘ఎంత కలుపుగోలు పిల్లాడో’ అంటారు. ఐదారేళ్ల బిడ్డ కొరియర్ తెచ్చిన మనిషి చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా వెనక్కి చూడకుండా వెళ్లిపోతే మాత్రం అది కలుపుగోలుతనం కాదు. తనకంటూ ఒక మనిషి లేకుండా పెరిగిన బిడ్డకు మనుషులందరూ ఒక్కటే. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013 నాటి రోగ వర్గీకరణలో దీన్ని, ఎవరినీ దగ్గరికి రానివ్వని రెండో రకం నుంచి విడదీసి, వేరే రుగ్మతగా గుర్తించింది.

రెండోది, నోట్లో నాలుక లేని పిల్ల. చెప్పకముందే అంట్లు తోముతుంది, తనకేం కావాలో అడగదు, దెబ్బ తగిలినా ఏడవదు. అధికారులు వచ్చి చూసినప్పుడు ఈ బిడ్డ బాగా కుదురుకున్నట్టే కనిపిస్తుంది. నిజానికి పెద్దవాళ్ల ముఖం చూసి, వారికి కావలసినట్టు నడుచుకోవడమే ఆమె నేర్చుకున్న రక్షణ. ఇక్కడ మరో ప్రమాదం కూడా పొంచి ఉంటుంది. మన సమాజంలో ‘పెంచుకుంటాం’ అని తెచ్చి పనిపిల్లగా మార్చిన కుటుంబాలు లేకపోలేదు, అడగకుండానే పనిచేసే ఈ బిడ్డ అలాంటి ఇంట్లో ఎవరికీ అనుమానం రానివ్వకుండా ఇమిడిపోతుంది. నెలవారీ తనిఖీలో గోలచేసే పిల్లల కంటే ఈ పిల్లలతోనే ఎక్కువసేపు విడిగా మాట్లాడాలన్నది నా అభిప్రాయం.

కుదురుకున్నాక పెరిగే గొడవ

మొదటి కొన్ని వారాలు ప్రశాంతంగా గడిచి, ‘పర్వాలేదు, అలవాటు పడ్డాడు’ అనుకునే సమయానికి ఒక్కసారిగా అల్లరి మొదలవడం పెంచినవారిలో చాలామంది చెప్పే అనుభవం. దీనికి ఇచ్చే వివరణలు రెండు. మొదటి వివరణ ప్రకారం బిడ్డ పరీక్షిస్తున్నాడు. ముందటి పెద్దలందరూ ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి చేసుకున్నారు లేదా వదిలేశారు కనుక, వీళ్లు ఏ హద్దు దాకా ఆగుతారో ముందే తెలుసుకుంటే ఆ ఎదురుచూపు బాధైనా తప్పుతుంది. రెండో వివరణలో ఎత్తుగడ ఏదీ లేదు. ఇన్నాళ్లూ బిగబట్టుకున్న భయమూ కోపమూ, బయటపడినా ప్రాణానికి ముప్పులేదని అనిపించిన చోట బయటపడుతున్నాయి.

ఒకే ప్రవర్తనకు ఈ రెండూ నిజం కావచ్చు. అయితే ప్రతి పెంకితనాన్నీ నమ్మకానికి గుర్తుగా చదవడం కూడా పొరపాటే. గొడవ పెరిగినప్పుడు ఆ ఇంట్లోనే ఏదో తప్పు జరుగుతుండే అవకాశం ఉంది. పోషక కుటుంబంలోనో బడిలోనో కొత్తగా హింస మొదలైనా బిడ్డలో పైకి కనిపించేది ఇదే.

ప్రవర్తన వల్ల ఇళ్లు మారతాయా, ఇళ్లు మారడం వల్ల ప్రవర్తన చెడుతుందా

ఫోస్టర్ కేర్ పరిశోధనలో ఎక్కువగా తడిమిన ప్రశ్న ఇది. ‘మా వల్ల కాదు’ అని ఒక కుటుంబం చెప్పేస్తే బిడ్డ మరో ఇంటికి, అక్కడి నుంచి మరో ఇంటికి, చివరికి మళ్లీ బాలసదనానికి చేరుతుంది. ఎక్కువ ఇళ్లు మారిన పిల్లల్లో ప్రవర్తన సమస్యలు ఎక్కువని అందరికీ తెలుసు. ఏది కారణం, ఏది ఫలితం అన్నది మాత్రం వెంటనే తేలేది కాదు.

అమెరికాలో 2007లో వెలువడిన ఒక అధ్యయనం 729 మంది ఫోస్టర్ పిల్లలను 18 నెలలపాటు గమనించి, రాకముందే వారిలో ఉన్న సమస్యలను లెక్కలోంచి విడదీసింది. మొదట్లో పెద్ద ఇబ్బందులేవీ లేని, ఇల్లు నిలబడే అవకాశం బాగా ఉన్న పిల్లలనే చూద్దాం. వారిలో త్వరగా ఒకచోట కుదురుకున్నవారికి 18 నెలల తర్వాత ప్రవర్తన సమస్యలుండే అవకాశం 22 శాతం. అదే రకం పిల్లలు ఇళ్లు మారుతూ పోతే 36 శాతం. వందమందికి లెక్క వేస్తే, మొదట్లో ఒకేలా ఉన్న పిల్లల్లో 14 మందికి అదనంగా సమస్యలు వచ్చాయి, పాత సంఖ్యతో పోలిస్తే ఇది 63 శాతం పెరుగుదల. ఇళ్లు మారడం ఫలితం మాత్రమే కాదు, అదే ఒక కారణం కూడా అని దీని అర్థం.

కుటుంబాలు ఎక్కడ చేతులెత్తేస్తాయన్నదాన్ని అమెరికాలోని శాన్ డియాగోలో మరో బృందం కొలిచింది. 5 నుంచి 12 ఏళ్ల 246 మంది పిల్లలను పెంచుతున్నవారికి ఫోన్ చేసి, ముందే తయారుచేసుకున్న పెంకి చేష్టల జాబితా చదివి, ‘నిన్నటి రోజు ఇందులో ఏవేవి జరిగాయి’ అని అడిగింది. రోజుకు ఆరు చేష్టల దాకా వారు ఓర్చుకోగలిగారు. ఆపైన పెరిగే ఒక్కో చేష్టకూ తర్వాతి ఏడాదిలో ఆ ఇల్లు చెదిరే ప్రమాదం 17 శాతం చొప్పున పెరిగింది. బంధువుల ఇళ్లలో ఉన్న పిల్లల విషయంలో చెదరడం తక్కువగా ఉంది.

ఉదాహరణకు ఒక పిల్లవాడి రోజును ఊహిద్దాం. పక్క తడిపాడు, టిఫిన్ వద్దని పళ్లెం నెట్టాడు, బడికి వెళ్లనని గొడవ, చెల్లిని కొట్టాడు, హోంవర్కు లేదని అబద్ధం, చెప్పిన మాటకు ఎదురుజవాబు, రాత్రి పడుకోనని మారాం, గోడ మీద గీతలు. మొత్తం ఎనిమిది. ఇతన్ని ఒకేసారి బుద్ధిమంతుణ్ని చేయనక్కర్లేదు. పక్క తడపడానికి వైద్యం, బడికి వెళ్లే సమయానికి కొంత తోడు దొరికి ఎనిమిది ఆరైతే ఆ కుటుంబం నిలబడే అవకాశం గణనీయంగా మెరుగుపడుతుంది. ఇది శాన్ డియాగో సంఖ్య, మన ఉమ్మడి కుటుంబానికో ఇరుకు ఇంటికో అచ్చంగా అదే గీత ఉంటుందని చెప్పలేం. ఓర్పుకు ఒక గీత ఉంటుందన్నది మాత్రం కాదనలేం, దాన్ని దాటిన తల్లిదండ్రులు చెడ్డవారు కారు.

ఇల్లు ఏం మాన్పుతుంది, ఏం మాన్పలేదు

సంస్థ నుంచి కుటుంబానికి మారితే పిల్లలు ఎంత కోలుకుంటారో తెలియడానికి రొమేనియా అనుభవమే పెద్ద ఆధారం. 1989లో నియంత చౌషెస్కు పాలన కూలేనాటికి అక్కడి అనాథాశ్రమాలు వేలాది పిల్లలతో కిక్కిరిసి ఉన్నాయి. ఆ తర్వాత బుకారెస్ట్‌లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికా పరిశోధకులు 6 నుంచి 31 నెలల వయసున్న 136 మందిని ఎంచుకుని, చీటీ తీసినట్టుగా 68 మందిని ఫోస్టర్ కుటుంబాలకు పంపారు. మిగతా 68 మందికి అప్పటి వ్యవస్థే కొనసాగింది. పిల్లలను అలా విభజించడం న్యాయమేనా అన్న వాదన ఇప్పటికీ ఉంది. అక్కడ అప్పటికి ఫోస్టర్ కుటుంబాలే దాదాపు లేవనీ, ప్రయోగం లేకుంటే ఆ 68 మందికీ ఇల్లు దొరికేది కాదనీ పరిశోధకుల సమాధానం.

కుటుంబాలకు వెళ్లిన పిల్లల తెలివితేటలు మెరుగయ్యాయి. రెండేళ్లు నిండకముందే వెళ్లినవారు పెంచిన తల్లితో గట్టి అనుబంధం ఏర్పరచుకున్నారు. నాలుగున్నరేళ్ల వయసులో చూస్తే ఆందోళన, దిగులు వంటి రుగ్మతలు సంస్థల్లో ఉన్నవారిలో 44 శాతం మందికి ఉండగా, కుటుంబాలకు వెళ్లినవారిలో 22 శాతానికి తగ్గాయి. నిలకడలేకపోవడం, అతిచురుకు, ఎదురుతిరగడం వంటి పైకి కనిపించే సమస్యల్లో మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

పెంచేవారిని ఎక్కువగా నిరుత్సాహపరిచేది ఇదే. ప్రేమ మొదట మాన్పేది లోపలి దిగులును, అది కంటికి ఆనదు. అందరికీ కనిపించే గంతులూ గొడవలూ చాలాకాలం ఉంటాయి. కాబట్టి ‘ఇంత చేసినా ఏమీ మారలేదు’ అన్నప్పుడు నిజంగానే ఏమీ మారలేదో, మారింది కనిపించడం లేదో విడదీసి చూడాలి.

‘ఏ రక్తమో’ అనే మాటా, మందు బిళ్లా

బంధువులు చెవిలో వేసే మొదటి మాట ‘ఎవరి రక్తమో, ఆ బుద్ధులెక్కడికి పోతాయి’ అన్నది. దీన్ని మూఢత్వమని కొట్టిపారేయడం సులువే గానీ, వంశపారంపర్యం పాత్ర సున్నా కాదు. ఏకాగ్రత లోపం, అతిచురుకు అనే రుగ్మతలో జన్యువుల వాటా ఎక్కువేనని కవలలపై జరిగిన అధ్యయనాలు స్థిరంగా చెబుతున్నాయి. గర్భంలో ఉండగా తల్లి మద్యం తాగి ఉంటే బిడ్డ మెదడుపై పడే ప్రభావమూ శాశ్వతమైనదే. తప్పు ఎక్కడుందంటే, రక్తం అనగానే ఇక మారదని తీర్మానించడంలో. జన్యువులు ఇచ్చేది మొగ్గు మాత్రమే, అది ఎంతదూరం వెళ్తుందన్నది పెంపకాన్ని బట్టి, బడిని బట్టి, వైద్యాన్ని బట్టి మారుతుంది.

చిక్కేమిటంటే, తరగతిలో కుదురుగా కూర్చోలేని బిడ్డ అతిచురుకు రుగ్మత ఉన్నవాడో, ప్రతి చప్పుడునూ కాపు కాస్తున్నవాడో పది నిమిషాల పరీక్షలో తేలదు. రెండూ ఒకే బిడ్డలో ఉండవచ్చు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2011లో ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన ఐదు రాష్ట్రాల్లో ఫోస్టర్ పిల్లలకు మానసిక వ్యాధుల మందులు రాసే రేటు అదే ప్రభుత్వ బీమాలో ఉన్న ఇతర పిల్లల కంటే 2.7 నుంచి 4.5 రెట్లు ఎక్కువగా ఉంది. ఈ పిల్లలు ఎక్కువ గాయపడ్డారు కనుక అవసరమూ ఎక్కువేనని ఆ నివేదికే ఒప్పుకుంది, కానీ తేడా అంతటితో పూర్తిగా తీరదు. మన దగ్గర పరిస్థితి దీనికి తలకిందులు. అక్కడ భయం అతివైద్యం గురించైతే, ఇక్కడ చాలా జిల్లాల్లో పిల్లల మానసిక వైద్యులే దొరకరు. ఈ లోటును కొంతైనా పూడ్చడానికి బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2020 నుంచి ‘సంవాద్’ కార్యక్రమం ద్వారా బాలల రంగంలో పనిచేసేవారికి శిక్షణ ఇస్తోంది.

దండం దశగుణం భవేత్?

చెయ్యి చేసుకోకుండా క్రమశిక్షణ రాదని నమ్మేవారు మనలో తక్కువేమీ కాదు. దెబ్బకు పిల్లవాడు ఆ క్షణాన ఆగుతాడన్నది అబద్ధమూ కాదు. కానీ దెబ్బల ఇంటి నుంచి వచ్చిన బిడ్డ విషయంలో దెబ్బ ఒక కొత్త సంగతి చెప్పదు, ‘ఇక్కడా అంతే’ అన్న పాత సంగతిని రుజువు చేస్తుంది. బాలల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ ప్రకారం, తన సంరక్షణలో ఉన్న బిడ్డపై క్రూరత్వం నేరం కూడా.

నిపుణుల మధ్య నడిచే అసలు వాదన కొట్టడం గురించి కాదు. హద్దులు, బహుమతులు, ముందే చెప్పిన పర్యవసానాలతో ప్రవర్తనను దిద్దాలని ఒక పక్షం అంటుంది. ముందు అనుబంధం ఏర్పడాలి, భయం తగ్గకుండా నేర్పిన నియమం నిలవదని మరో పక్షం అంటుంది. మొదటి పక్షానికి చెందిన ఆరెగాన్ చికిత్సాత్మక ఫోస్టర్ కేర్ పద్ధతి, నేరాల దాకా వెళ్లిన కౌమారులపై అమెరికాలో మంచి ఫలితాలు చూపింది. అదే పద్ధతిని ఇంగ్లండ్‌లో పరీక్షిస్తే మొత్తంమీద లాభం కనబడలేదు, ఎదురుతిరిగే స్వభావం తీవ్రంగా ఉన్నవారికి మేలు జరిగితే, ఆ స్వభావం లేనివారు వెనకబడ్డారు. రెండో పక్షంలో డెలవేర్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ డోజియర్ రూపొందించిన పద్ధతి పసిపిల్లల కోసం. ఇంటికే వచ్చి పది విడతల్లో, బిడ్డ తోసేసినా పిలిచినట్టే స్పందించడం ఎలాగో తల్లికి నేర్పుతారు. దీనివల్ల అస్తవ్యస్త అనుబంధం తగ్గిందనీ, కార్టిసాల్ తీరు మామూలుకు దగ్గరైందనీ ఆధారాలున్నాయి. వయసును బట్టి, సమస్యను బట్టి మందు మారుతుందన్నది ఈ రెండింటి నుంచి నాకు అర్థమైన సంగతి.

అనుబంధం పేరుతో జరిగేదంతా మంచిదీ కాదు. బిడ్డను బలవంతంగా పట్టి ఉంచి, కోపం కక్కించి, లొంగదీస్తే ప్రేమ పుడుతుందనే చికిత్స ఒకటి అమెరికాలో కొన్నాళ్లు చెలామణి అయింది. 2000లో కొలరాడోలో దత్తతకు వచ్చిన పదేళ్ల బాలికను దుప్పట్లో చుట్టి, ‘మళ్లీ పుట్టించే’ ప్రక్రియ చేస్తుండగా ఆమె ఊపిరాడక చనిపోయింది. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం ఆ ప్రక్రియను నిషేధించింది.

కన్నవారు వచ్చి వెళ్లిన తర్వాత

తల్లి వచ్చి చూసి వెళ్లిన రోజు రాత్రి నుంచి రెండు మూడు రోజులు బిడ్డ నిద్రపోకపోవడం, అన్నం ముట్టకపోవడం, పెంచే తల్లిని తిట్టడం మామూలు. ‘ఆమె రాకపోతేనే నయం’ అని పోషక కుటుంబం అనుకోవడమూ సహజమే. కానీ ఏడుపు రెండు రకాలు. తల్లిని చూసి భయపడి వచ్చిన ఏడుపైతే సందర్శనలు ఆపమని సమితిని అడగడానికి అదే ఆధారం. విడిపోయినందుకు వచ్చిన ఏడుపైతే, ఆపేయడం దుఃఖాన్ని తీర్చదు, దాచుకునేలా చేస్తుంది. కొట్టిన తల్లి మీద కూడా బిడ్డకు ప్రేమ ఉంటుంది. ‘అమ్మా’ అని పిలవమని పోషక కుటుంబం పట్టుపడితే, బిడ్డకు అది కన్నతల్లిని కాదనమన్నట్టే ఉంటుంది. పిన్ని అనో, పెద్దమ్మ అనో, అత్త అనో బిడ్డకు తోచిన వరుస పెట్టుకోనిస్తే ఆ పేచీ చాలావరకు తప్పుతుంది.

తమ్ముడి విషయంలోనూ ఇలాంటి పేచీయే వస్తుంది. మన ఉదాహరణలోని పద్మ తమ్ముడికి అన్నం తానే కలిపి పెడతానంటుంది, పెంచే తల్లిని దగ్గరికి రానివ్వదు. ఇంటిపెత్తనం కోసం కాదు, ఇన్నాళ్లూ వాడిని బతికించింది తనే. ఆ బాధ్యతను ఒక్కసారిగా లాక్కుంటే ఆమెకు మిగిలేదేమీ ఉండదు. పూర్తిగా వదిలేస్తే ఆమెకు బాల్యం ఉండదు.

ఆలస్యంగా బయటపడే నిజం

లైంగిక హింసకు గురైన బిడ్డ ఆ సంగతిని సమితి ముందు చెప్పకపోవచ్చు. నెలలు గడిచి, ఇల్లు తనదనిపించాక, ఏ వంటింట్లోనో మెంతికూర వలుస్తూ చెప్పవచ్చు. ఈలోగా వయసుకు మించిన మాటలు, తోటి పిల్లలతో అనుచిత చేష్టలు కనిపించి ఉండవచ్చు. ఇక్కడ రెండు హక్కులు ఎదురుపడతాయి. ఇంట్లో ఇతర పిల్లలున్న కుటుంబానికి వచ్చే బిడ్డ గతం తెలియాల్సిన అవసరం ఉంది. ఆ బిడ్డ గుర్తింపు, గతం బయటికి పొక్కకూడదన్నది చట్టం. ఏం తెలిస్తే కుటుంబం పిల్లలందరినీ కాపాడగలదో అంతవరకే చెప్పడం మధ్యేమార్గం, కానీ ఆ ‘అంతవరకు’ ఎంత అన్నది ప్రతిసారీ తేల్చుకోవాల్సిందే.

బిడ్డ నోరు విప్పాక వినినవారు మౌనంగా ఉండే వీల్లేదు. పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ కింద, నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలపాలి, పెంచే తల్లికీ ఇది వర్తిస్తుంది. వాంగ్మూలం బిడ్డ ఉండే చోటో, బిడ్డ కోరిన చోటో, యూనిఫాం లేని అధికారి తీసుకోవాలనీ, విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగియాలనీ అదే చట్టం అంటుంది. ఆచరణలో వాయిదాలు పడతాయి. సాక్ష్యం తేదీ దగ్గరపడే కొద్దీ మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది, బడిలో కొట్లాటలు పెరుగుతాయి, వాయిదా పడితే అదంతా మరో నెల సాగుతుంది. ఆ వారంలో తనిఖీకి వచ్చిన అధికారి బిడ్డను చూసి ‘కుటుంబం సంభాళించలేకపోతోంది’ అని రాసుకుంటే, ఆ రాత మరో ఇంటి మార్పుకు దారితీయవచ్చు. తనిఖీ పత్రంలో బిడ్డ ప్రవర్తనతోపాటు కేసు వాయిదాల తేదీలు, కన్నవారు వచ్చి వెళ్లిన తేదీలు కూడా ఉంటే, సంక్షేమ సమితి ఆ గొడవను కుటుంబం వైఫల్యంగా చదవాలో, కోర్టు వేసిన భారంగా చదవాలో నిర్ణయించుకోగలుగుతుంది.